ఏడుగురు అన్నదమ్ములు, సగం తెర

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డ ఉండదు కదా! మరి కథ చెప్పే అమ్మమ్మ నిద్రమత్తులో "నలుగురు కొడుకులు" అనేసిందనుకోండి, ఒళ్ళో పిల్ల ఊరుకుంటుందా? "మిగతా ముగ్గురూ ఏరీ?" అని అమ్మమ్మ గడ్డం పట్టుకుని అడగదూ?

అమెరికా వాళ్ళకు అచ్చంగా ఇదే అనుభవమైంది. ఏడుగురు అన్నదమ్ముల కథతో అక్కడొక సినిమా వచ్చింది. హాల్లో చూసినవాళ్ళకు ఏడుగురూ కనిపించారు. తర్వాత అదే సినిమాని ఇంట్లో టీవీ మీదా, వీడియో క్యాసెట్టులోనూ చూసినవాళ్ళకు, వరుసగా నిలబడ్డ చోటల్లా ముగ్గురో నలుగురో కనిపించేవారు. తక్కినవాళ్ళు పాపం టీవీ పెట్టె గోడల అవతలే ఉండిపోయారు!

ఆ సినిమా "సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్". 1954లో ఎం.జి.ఎం. కంపెనీ తీసింది. దర్శకుడు స్టాన్లీ డోనెన్‌కి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. కథ 1850 నాటిది, ఆరెగాన్ కొండల్లో. పెద్దవాడు ఆడమ్ ఊళ్ళోకి సరుకులకు వచ్చినట్టే వచ్చి, ఒక్క పూటలో మిల్లీ అనే పిల్లను ఒప్పించి, పెళ్ళాడి, బండెక్కించుకుని తీసుకుపోతాడు. ఇంటికెళ్ళాక గానీ ఆ పిల్లకు తెలియదు, అక్కడ ఇంకో ఆరుగురు మరుదులున్నారనీ, వాళ్ళెవరికీ స్నానపానాల ధ్యాస లేదనీ. పెళ్ళైన రోజునే ఏడుగురు మగాళ్ళకు వండి వార్చాల్సి వచ్చిన ఆ పిల్ల అవస్థ మనకు వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాళ్ళ పేర్ల సంగతి వినండి. తల్లి బైబిలు చూసి ఇంగ్లీషు అక్షరమాల ప్రకారం పెట్టుకుంటూ వచ్చింది. ఆడమ్, బెంజమిన్, కేలబ్, డేనియల్, ఎఫ్రాయిమ్. ఆరో అక్షరానికి బైబిల్లో మనిషి పేరు దొరక్క సాంబ్రాణి పేరు పెట్టేసింది! వాడు ఫ్రాంకిన్‌సెన్స్. ఏడోవాడు గిడియన్. ఇదే కథను 1982లో హిందీవాళ్ళు "సత్తే పే సత్తా"గా తీసినప్పుడు అన్నదమ్ములకు వారాల పేర్లు పెట్టారు – రవి, సోమ్, మంగళ్, బుధ్... చివరికి శని దాకా. ఏ దేశం తల్లి లెక్క ఆ దేశానిదన్నమాట.

రెండో సగంలో ఆరుగురు తమ్ముళ్ళూ ఊళ్ళోకి వెళ్ళి ఆరుగురు పిల్లల్ని ఎత్తుకొచ్చేస్తారు. ఈ ఘట్టం ఇప్పుడు చూస్తే నాకు ముళ్ళమీద కూర్చున్నట్టుంటుంది. కథ ప్రకారం మిల్లీ కూడా సహించలేదు లెండి. మరుదుల్ని దులిపేసి పశువుల కొట్టంలో పడుకోమని తరిమింది, ఇల్లు ఆడపిల్లలకిచ్చింది. జేన్ పావెల్ ఆ వేషాన్ని బొమ్మలా ఉంటూనే నిప్పులా చేసింది.

ఈ సినిమా మీద కంపెనీవారికి పెద్ద ఆశల్లేవు. అదే ఏడాది తీసిన "బ్రిగడూన్" మీదే వాళ్ళ దృష్టంతా. దీనికి డబ్బు తగ్గించారు. కొండలూ మంచూ చూపించడానికి దూరం వెళ్ళే వీల్లేక స్టూడియోలో గుడ్డ మీద కొండలు గీయించి కానిచ్చారు. దుస్తుల పని చూసినవాడు వాల్టర్ ప్లంకెట్. "గాన్ విత్ ది విండ్"లో స్కార్లెట్ గౌన్లు కుట్టించిన మహానుభావుడు. పేద పల్లె పిల్లలకు ఏం తొడగాలా అని ఆలోచించి, సాల్వేషన్ ఆర్మీవాళ్ళ దుకాణానికి వెళ్ళి, జనం ఇచ్చేసిన పాత అతుకుల బొంతలు కొనుక్కొచ్చి గౌన్లు కుట్టించాడట! ఆ గౌన్ల అందం చూస్తే మనింట్లో అటకమీది బొంతలమీద గౌరవం పుట్టుకొస్తుంది. తీరా సినిమా విడుదలయ్యాక "బ్రిగడూన్"ని మించి ఇదే ఆడింది. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రాల పోటీ దాకా వెళ్ళింది, సంగీతానికి బహుమతీ తెచ్చుకుంది.

ఇక ఇందులో కొట్టం కట్టే వేళ వచ్చే నాట్యం ఒక్కటి చాలు. మైకేల్ కిడ్ కూర్చాడు. అన్నదమ్ములూ, ఊరి కుర్రాళ్ళూ పోటీపడి దూలాల మీదా బల్లల మీదా ఎగురుతుంటే, వాళ్ళ మధ్య రంగురంగుల గౌన్ల ఆడపిల్లలు. ఎవరెవరో తెలియడానికి అన్నదమ్ములకు తలొక రంగు చొక్కా. ఇంతమందీ తెరకు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని ఆడతారు. ఎందుకంటే అది సినిమాస్కోప్ బొమ్మ.

సినిమాస్కోప్ 1953లో "ది రోబ్"తో వచ్చింది. ఇంటింటా టీవీలు పెట్టుకుని జనం హాళ్ళకు రావడం మానేస్తున్నారని, టీవీ ఎన్నటికీ చూపించలేని వెడల్పు చూపిద్దామని పట్టిన పంతమది. తెర ఎత్తుకు వెడల్పు రెండున్నర రెట్లు. టీవీ పెట్టె వెడల్పు మాత్రం ఎత్తుకంటే మూడోవంతు ఎక్కువ, అంతే. మరి టీవీ మీద పంతంతో వెడల్పు చేసిన బొమ్మలన్నీ చివరికి ఆ టీవీ పెట్టెలోకే వచ్చి తలదాచుకోవలసి వచ్చింది చూశారా!

అవి ఇంట్లోకి క్యాసెట్లుగా ఎలా వచ్చాయో చెబుతాను. సోనీ కంపెనీ బీటామాక్స్ యంత్రం 1975లో వచ్చింది. మరుసటేడు జపాన్‌లోనే జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. వచ్చింది. టీవీలో వచ్చేది పట్టుకుని తర్వాత చూసుకోవడానికే అవి అనుకున్నారంతా. మిషిగన్ రాష్ట్రంలో టేపులకు నకళ్ళు తీసే చిన్న వ్యాపారం చేసుకునే ఆండ్రే బ్లే అనే ఆయనకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. సినిమాలే టేపులో పెట్టి అమ్మితే? హాలీవుడ్ కంపెనీలకు ఉత్తరాలు రాశాడు. ఒక్క ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ మాత్రం సరేనని 1977లో యాభై పాత సినిమాలకు హక్కులిచ్చింది. పాతవే కదా, టీవీలో వేసేశాం కదా, పోతేనేం అని వాళ్ళ లెక్క కాబోలు! "సౌండ్ ఆఫ్ మ్యూజిక్", "మాష్", "ప్యాటన్" అలా బయటికొచ్చాయి. టేపు ఒక్కింటికి దాదాపు యాభై డాలర్లు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

అంత పెట్టి ఎవరు కొంటారు? ఆ ఏడాది ఆఖర్లోనే లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే ఆయన ఆ టేపులు కొని అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. సినిమా కంపెనీలకు ఒళ్ళు మండింది. కానీ ఏం చేయగలరు? డబ్బిచ్చి కొన్న ప్రతిని కొన్నవాడు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చని అక్కడి చట్టం. మనకిది కొత్తగా ఉందా? ఒక్క వారపత్రికను ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు చేతులు మార్చుకుని చదవలేదూ? అద్దె పుస్తకాల షాపులో నవల తెచ్చుకుని, రాత్రికి రాత్రి ముగించి, పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యలేదూ?

అసలు యంత్రాన్నే ఆపించాలని యూనివర్సల్, డిస్నీ కంపెనీలు 1976లోనే సోనీ మీద దావా వేశాయి. కింది కోర్టులో 1979లో సోనీ గెలిచింది, పై కోర్టులో 1981లో ఓడింది. 1982లో నిర్మాతల సంఘం పెద్ద జాక్ వాలెంటీ అమెరికా కాంగ్రెసు ముందుకెళ్ళి, ఒంటరి ఆడదానికి బోస్టన్ హంతకుడెలాంటివాడో సినిమా పరిశ్రమకు ఈ యంత్రం అలాంటిదని వాదించాడు. ఒంటరి ఆడవాళ్ళను గొంతు నులిమి చంపిన ఘోరాన్ని పోలికగా తెచ్చుకోవడానికి ఆ పెద్దమనిషికి నోరెలా వచ్చిందో! 1984 జనవరిలో సుప్రీంకోర్టు అయిదుగురు అటూ నలుగురు ఇటూగా, ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని తేల్చింది. పిల్లల టీవీ కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ చెప్పిన సాక్ష్యాన్ని కూడా తీర్పులో ప్రస్తావించారు. తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుని వీలైనప్పుడు కలిసి చూస్తే తనకు సంతోషమేనన్నాడాయన. ఆ దశాబ్దం ముగిసేలోపు అదే హాలీవుడ్‌కు హాళ్ళకంటే క్యాసెట్ల మీదే ఎక్కువ రాబడి వచ్చింది. ఒక్క ఓటు అటుదై ఉంటే వాళ్ళ బంగారు బాతును వాళ్ళే కోసుకునేవారు.

మన దగ్గర 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చాక ఈ వైభోగం మొదలైంది. టీవీ, వి.సి.పి., నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, వీధి వీధంతా చాపలు పరుచుకుని తెల్లవార్లూ చూసినవాళ్ళం. సగం తెర మాయమైందన్న సంగతి మనలో ఎవరికి పట్టింది?

మాయమవడమంటే ఎలాగో చెప్పాలి. వెడల్పు బొమ్మను పెట్టెలో నింపాలంటే పక్కలు కోసెయ్యాలి. ఒక మనిషి కూర్చుని, ఈ దృశ్యంలో ఎడమవైపు ముఖ్యమా, కుడివైపు ముఖ్యమా అని ఎంచుకుంటూ, కిటికీలోంచి చూసినట్టు ఆ ముక్కను మాత్రం టేపులోకి ఎక్కిస్తాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు, ఇంకొకరి ముక్కు, మధ్యలో కుర్చీ కనిపించిన సందర్భాలున్నాయి. "సెవెన్ బ్రైడ్స్" లాంటి దాంట్లో దాదాపు సగం బొమ్మ పోతుంది. దర్శకుడు పధ్నాలుగుమందిని వరసగా నిలబెడితే, కోసేవాడు ఏ ఏడుగురిని ఉంచాలి? గుండె తరుక్కుపోయిన సినిమా పిచ్చివాళ్ళు పోరగా పోరగా, పైనా కిందా నల్లపట్టీలు వదిలి పూర్తి బొమ్మ చూపే పద్ధతి వచ్చింది, ముందు లేజర్ డిస్కుల్లో, తర్వాత డి.వి.డి.ల్లో. అప్పుడేమైంది? డబ్బిచ్చి కొన్న టీవీలో నల్లపట్టీలేమిటని మిగతా జనం విసుక్కున్నారు!

ఇందులో అసలు విచిత్రం మరోటుంది. 1954లో చాలా హాళ్ళకు వెడల్పు తెరలు లేవు. అందుకని ఎం.జి.ఎం. వారు ఈ సినిమాను రెండుసార్లు తీశారు. ప్రతి దృశ్యం ఒకసారి సినిమాస్కోప్‌కి, మళ్ళీ మామూలు తెరకి. అంటే ఏడుగురూ చక్కగా ఇమిడే, టీవీ కొలతకు మరికాస్త దగ్గరైన ప్రతి మొదటి నుంచీ కంపెనీ దగ్గరే ఉంది! తీసిన కొన్నాళ్ళకే వెడల్పు తెరలు అంతటా వచ్చేయడంతో దాని అవసరం పడలేదు. పట్టుచీర పెట్టె అడుగున పడి మరిచిపోయినట్టు అదలా ఉండిపోయింది. 2004లో వచ్చిన రెండు డిస్కుల డి.వి.డి.లో రెండు ప్రతులూ ఇచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పాట, ఒకే అడుగు, కానీ వేరే టేకు.

అన్నట్టు, డోనెన్ సినిమాలకు ఇలాంటి జాతకాలే రాసిపెట్టి ఉన్నాయి. ఆయన 1951లో తీసిన "రాయల్ వెడ్డింగ్"లో ఫ్రెడ్ అస్టేర్ గోడలెక్కి పైకప్పు మీద నాట్యం చేస్తాడు. గదిని పీపాలా తిరిగే చట్రంలో బిగించి, కెమెరానూ దాంతో పాటు తిరిగేట్టు చేశారు. హాల్లో అయితే నోరు తెరుచుకు చూడ్డమే. ఇంట్లో క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి చూస్తే కదా, ఇల్లు తిరుగుతోందా, మనిషి తిరుగుతున్నాడా అని తేలేది! ఆ రోజుల్లో అమెరికా చట్టప్రకారం హక్కు ఇరవై ఎనిమిదేళ్ళే. గడువులో మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటేనే ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు. "రాయల్ వెడ్డింగ్"కి ఆ దరఖాస్తు పెట్టలేదు. 1963లో ఆడ్రే హెప్బర్న్, కేరీ గ్రాంట్‌లతో తీసిన "షరేడ్" మరీ ఘోరం. పేర్లు పడేచోట 'కాపీరైట్' అన్న మాట గానీ ఆ గుర్తు గానీ వెయ్యడం మరిచిపోయారు. ఆనాటి చట్టంలో దానికి క్షమాపణ లేదు. విడుదలైన రోజునే ఆ సినిమా ఊరందరి సొత్తైపోయింది.

ఊరందరి సొత్తు ఊరబావి లాంటిది. నీళ్ళు తోడుకునేవాళ్ళే గానీ పూడిక తీయించేవాళ్ళుండరు. క్యాసెట్ల కాలంలో చిన్న చిన్న కంపెనీలవాళ్ళు అరిగిన ప్రింటు ఏదో సంపాదించి ఇవే సినిమాలు చవగ్గా వదిలారు. ఆడ్రే వేసుకున్న జివాన్షీ దుస్తుల రంగు ఒక్కో టేపులో ఒక్కోలా ఉండేది. అయితే నేను దీన్ని పూర్తిగా తిట్టలేను. ఖరీదైన టేపు కొనలేనివాళ్ళింట్లోకి అస్టేర్ నాట్యం వెళ్ళింది ఆ చవక టేపుల్లోనే. 1946 నాటి "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" హక్కును 1974లో పొడిగించుకోవడం మరవబట్టే కదా, టీవీవాళ్ళు ప్రతి క్రిస్మస్‌కూ వేసి వేసి దాన్ని ఇంటింటి సినిమా చేసింది!

కౌబాయ్ బొమ్మలకు వచ్చిన కష్టం వేరు. 1962 నాటి "హౌ ది వెస్ట్ వాజ్ వన్" సినిరామా పద్ధతిలో తీశారు. మూడు ఫిల్ములు పక్కపక్కన, మూడు ప్రొజెక్టర్లతో వంపు తెర మీద వెయ్యాలి. మూడు పన్నాలు కుట్టిన దుప్పటిలా రెండు కుట్లు నిలువునా కనబడేవి. మహా మైదానం మీద ఎద్దుల్లా పరుగెత్తే అడవిదున్నల మంద, ఆకాశంలో రెండు గీతలు! టేపుల్లో ఆ గీతలు మరీ కొట్టొచ్చేవి. 2008లో కంప్యూటరుతో ఆ కుట్లు విప్పి అతుకు తెలియకుండా చేశారు.

ఆ సినిమాలో పాడి ఆడే లిలిత్ డెబీ రెనాల్డ్స్. ఈవిడే పందొమ్మిదేళ్ళ వయసులో "సింగిన్ ఇన్ ది రెయిన్" (1952)లో నాయిక. నాట్యం రాని పిల్లను జీన్ కెల్లీ రాపాడించి నేర్పించాడు. ఒకరోజు పియానో కింద కూర్చుని ఏడుస్తుంటే అస్టేర్ చూసి ఓదార్చి, తన సాధన చూపించాడని ఆవిడే తర్వాత చెప్పింది. ఈ సినిమా అసలు నెగటివు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అయినా జాగ్రత్త కోసం తీసిపెట్టిన ప్రతులుండబట్టి, విడిగా ఉన్న మూడు రంగుల పొరల్ని ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చి 2002 డి.వి.డి.కి కొత్తదానిలా తెచ్చారు.

కథ గుర్తుందా? కీచుగొంతు తార లీనాకు మన డెబీ తెరవెనక గొంతిస్తుంది. చివర్లో తెర లేపి అసలు గాయని ఎవరో లోకానికి చూపిస్తారు, మనం చప్పట్లు కొడతాం. నిజం వినండి. ఆ 'గొంతిచ్చే' పాటలో డెబీకి గొంతిచ్చింది బెటీ నోయెస్ అనే మరో గాయని! లీనా మాటలు డెబీ చెబుతున్నట్టు చూపించే చోట వినిపించేది లీనా వేషం వేసిన జీన్ హేగెన్ సొంత గొంతే. ఎవరి పేర్లు తెర మీద వేశారు? బెటీ నోయెస్‌ది మాత్రం లేదు.

మన రేడియోలో చిత్రం పేరు, రచన, సంగీతం చెప్పి "పాడినవారు పి. సుశీల" అనకుండా పాట వేసేవారా? వాళ్ళకు మాత్రం నాయిక పాడలేదన్నది బయటికి పొక్కకూడని ఇంటిగుట్టు. మార్నీ నిక్సన్ అనే ఆవిడ "కింగ్ అండ్ ఐ" (1956)లో డెబోరా కెర్‌కీ, "వెస్ట్ సైడ్ స్టోరీ" (1961)లో నటాలీ వుడ్‌కీ, "మై ఫెయిర్ లేడీ" (1964)లో ఆడ్రే హెప్బర్న్‌కీ పాడింది. ఒక్క సినిమాలోనూ పేరు లేదు. చెబితే ఈ ఊళ్ళో నీకు పని దొరకదని మొదట్లో బెదిరించారట. పెద్ద మనసుతో బయటపెట్టినావిడ డెబోరా కెరే. "వెస్ట్ సైడ్ స్టోరీ" రికార్డుల మీద ఆవిడకు వాటా దక్కలేదని తెలిసి, సంగీత దర్శకుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్ తన భాగంలోంచి నూటికి పావు వంతు రాసిచ్చాడు.

ఆడ్రేదీ ఒక గుండెకోత ఉంది. తన గొంతే ఉంచుతారన్న నమ్మకంతో పాటలన్నీ సాధన చేసి రికార్డు చేసింది. చివరికి చాలామటుకు మార్నీ గొంతే ఉంచుతున్నారని తెలిసి సెట్టు వదిలి వెళ్ళిపోయింది, మర్నాడు వచ్చి అందరికీ క్షమాపణ చెప్పుకుంది. ముప్ఫై ఏళ్ళకు 1994లో ఆ సినిమాను బాగుచేసినప్పుడు ఆమె పాడిన ముక్కలు బయటపడ్డాయి. డి.వి.డి.లో అనుబంధంగా ఇచ్చారు. గొంతు సన్నం, పై స్థాయిలో వణుకుతుంది. కానీ పూలమ్ముకునే పిల్ల చలికాలపు రాత్రి ఏం కోరుకుంటుందో ఆ గొంతులో ఎక్కువ వినిపిస్తుందని నాకనిపిస్తుంది. మీరు విని ఒప్పుకోకపోయినా పోట్లాడను.

మార్నీని చూడాలనుందా? 1965 నాటి "సౌండ్ ఆఫ్ మ్యూజిక్"లో, సినిమా మొదలైన కాసేపటికే మఠంలో సన్యాసినులంతా చేరి ఈ మరియా పిల్లతో ఎలా వేగడమా అని పాడుకుంటారే, అందులో సిస్టర్ సోఫియా ఆవిడే. తన గొంతుతో, తన ముఖంతో. ఆండ్రే బ్లే 1977లో అమ్మిన ఆ మొదటి క్యాసెట్లలోనూ ఆ ముఖం ఉంది, కొన్నవాళ్ళెంతమంది గుర్తుపట్టారో గానీ. ఈసారి వేసుకున్నప్పుడు అక్కడ ఒక్క క్షణం బొమ్మ ఆపండి.